కంబళి కోటు కెప్టెన్

మొన్న మా షాపుకు ఒక బట్టల వ్యాపారి వచ్చాడు. ప్రొద్దుటూరులో ఆయన కొట్టు తెలియని వాళ్లుండరు. చంకలో నల్ల కంబళి చుట్ట పెట్టుకొని వచ్చాడు. హిమాలయాల యాత్రకు పోతున్నాడట, అక్కడి చలికి స్వెటర్లు ఆగవని ఎవరో భయపెట్టారట. "దీన్ని కోటు కుట్టియ్యప్పా. గుండీలు వొద్దు, జిప్పు పెట్టు" అన్నాడు. కంబళి చేతిలోకి తీసుకోగానే గొర్రెబొచ్చు వాసన ముక్కుకు తగిలింది. "నేను కంబళి కుట్టను" అన్నాను. ఎందుకు కుట్టవు, ఏం కథ అని ఆయన వదలకుండా అడుగుతుంటే, "కుట్టనంటే కుట్టను సామీ, ఇంకో టైలరు దగ్గరికి పో" అని గొంతు పెంచాను. మిషన్ల మీద ఉన్న ఇద్దరూ తొక్కడం ఆపి నా మొహం చూశారు. పాపం, ఆయనకేం తెలుసు. నేను ఆఖరుగా కుట్టిన కంబళి కోటును నా పళ్లతో నేనే కొరికి విప్పాల్సి వచ్చింది.

ఆ కోటు తొడుక్కున్న మనిషి గురించి రాయాలి. పేరు మాత్రం రాయను. ఆయన భార్య, నేను వదినా అని పిలుస్తాను, "పేరు ఎయ్యొద్దు అబ్బీ, జరిగింది జరిగినట్టు రాసుకో" అంది. ఆయన్ను మేమంతా అన్న అనే పిలిచేవాళ్లం. ఇక్కడా అన్నే.

అన్న చెయ్యి ఎప్పుడూ చల్లగా ఉండేది. ఐసు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఉప్పునీళ్ల తొట్టిలో చేతులు పెట్టిన మనిషి. డ్యూటీ దిగి ఇంటికి పోతూ మా షాపు ముందు సైకిలు ఆపి, నేను మిషన్ మీద వంగి ఉంటే చప్పుడు లేకుండా వెనకనుంచి వచ్చి మెడ మీద అరచెయ్యి పెట్టేవాడు. నడి ఎండాకాలంలో కూడా ఒళ్లు జలదరించేది. "ఏందన్నా ఇది, సూది దిగింది సూడు వేలికి" అంటే, "దిగనీలే. ఒంట్లో రోంత రక్తముందని తెలిసింది గదా" అని నవ్వేవాడు. నవ్వితే శబ్దం వచ్చేది కాదు, భుజాలు మాత్రం కదిలేవి.

ఆయన పని చూడటానికి రెండు మూడుసార్లు ఫ్యాక్టరీకి పోయాను. నీళ్లు నింపిన ఇనుప డబ్బాలు తొట్టిలో వరసగా దింపి ఉంటాయి. లోపల నడిమధ్య దాకా గడ్డ కట్టిందో లేదో పైనుంచి చూస్తే తెలియదు. అన్న చిన్న కడ్డీతో డబ్బా అంచు మీద తట్టి, తల పక్కకు వంచి వినేవాడు. బయట జ్యూస్ అంగళ్ల వాళ్లు, పెళ్లిళ్ల వాళ్లు ఆటోలు పెట్టుకొని తిట్టుకుంటూ ఉంటే ఈయన మళ్లీ తట్టి, "ఇంకా రోంత" అనేవాడు, ఇంకొంచెం ఆగాలని. ఓనరు వచ్చి అరిచినా అదే మాట. అది మంచితనమో మొండితనమో నేనిప్పటికీ తేల్చుకోలేదు. ఆ మాట విని చాలాసార్లు నాకు ఒళ్లు మండింది.

మా నాటక సమాజం పెద్దదేం కాదు. పదిమందిమి. పగలు తలా ఒక పని, సాయంత్రం రిహార్సలు. అన్నీ పౌరాణికాలే. డ్రస్సులు కుట్టేది నేను, ఎవరైనా రాకపోతే ఆ వేషం కట్టేదీ నేనే. అన్నకు రాగం పలకదు. ఫ్యాక్టరీలో అమ్మోనియా పీల్చి పీల్చి గొంతు బొంగురుపోయింది. అందుకని ఇరవై ఏళ్లుగా ఆయన ద్వారపాలకుడు. "జయము జయము మహారాజా" అని ఒక్క ముక్క అనేసి, ఈటె పట్టుకొని సీను అయ్యేదాకా నిలబడాలి. ఇంకొకరైతే ఆవులిస్తారు, దోమను కొట్టుకుంటారు. అన్న రెప్ప వేసేవాడు కాదు. పద్యానికి వన్స్ మోర్ పడి రాజు వేషగాడు మళ్లీ పాడుతుంటే, మళ్లీ మొదట్నుంచీ అట్లే నిలబడేవాడు. తెర వెనక్కు వచ్చాక రాజు వేషగాడి భుజం తట్టి, "రెండోసారి ఇంకా బాగా పాడితివప్పా" అనేవాడు. ఆయన కళ్లలో అసూయ నేను చూడలేదు. ఆశ మాత్రం చూశాను.

ఒకరోజు చేతిలో లాంగు నోటుబుక్కుతో వచ్చాడు. మెడ మీద చెయ్యి పెట్టలేదు, వచ్చి ముందర స్టూలు మీద కూర్చున్నాడు. లైబ్రరీలో ఏదో పాత పత్రిక తిరగేశాడట. అందులో ఒక దొర మంచు మీద నడిచి దక్షిణ ధ్రువానికి పోయి, తిరిగి వస్తూ తుపానులో చిక్కుకొని గుడారంలోనే ప్రాణం వదిలిన సంగతి రాశారట.

"నాటకం రాసినా" అన్నాడు. "నేనే కెప్టెను. నువ్వు నాతోపాటు గుడారంలో ఉండే సావాసగాడివి."

"మంచు నాటకం ప్రొద్దుటూర్లో ఎవురు సూస్తారన్నా? ఈడ మంచంటే ఫ్రిజ్జులో ఉండేదే."

"ముప్పై ఏండ్లుగా నేనుండేది ఆ ఫ్రిజ్జులోనే గదప్పా. సలి గురించి ఈ జిల్లాలో నాకంటే తెలిసినోడు ఎవుడుండాడు సెప్పు."

నోటుబుక్కు ఆ రాత్రి చదివాను. నిజం చెప్పాలంటే బాగుంది. అన్న ఇంత దాచుకున్నాడా లోపల అనిపించింది.

రిహార్సలుకు మమ్మల్ని ఐసు నిల్వ చేసే గదిలోకి తీసుకుపోయాడు. పది నిమిషాలు కూర్చోమన్నాడు. మూడో నిమిషానికే నా పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. అన్న నా ఎదురుగా గొంతుక్కూర్చొని, నన్ను ఐసు డబ్బాను చూసినట్టు చూస్తున్నాడు. "నువ్వు వణుకుతాండావు. వణికేవాడు బతుకుతాడులేప్పా. వణుకు ఆగిపోతాది సూడు, ఆడ మొదులైతాది కెప్టెన్ కత" అన్నాడు. నాకు ఆ కథేం వద్దు, తలుపు తియ్యమన్నాను. "ఇంకా రోంత" అన్నాడు.

కోటు దగ్గర ఇద్దరికీ పెద్ద గొడవే అయింది. నేను తేలికగా ఉండాలని పలుచటి నల్లగుడ్డతో కుట్టి, పైన అక్కడక్కడా దూది అంటించి చూపించాను. దూరం నుంచి చూస్తే అచ్చం బొచ్చుకోటే. అన్న దాన్ని చేత్తో ఎత్తి చూసి బల్ల మీద పెట్టేశాడు.

"దీంట్లో బరువు లేదప్పా."

"జనానికి బరువు కనపడదు గదన్నా."

"జనానికి నడక కనపడతాది. బరువు లేకుంటే ఆ నడక నాకు రాదు."

మరుసటి రోజు వేముల దగ్గర గొర్రెలు కాసే వాళ్ల దగ్గర నుంచి రెండు కంబళ్లు తెచ్చాడు. వాటితో కుట్టాను. ఎత్తితే చెయ్యి లాగేసే బరువు. అంతటితో ఆగలేదు. గుండీలు వద్దన్నాడు. గుండీలుంటే విప్పుకోబుద్ధి అవుతుందట. ఆట మొదలుకాక ముందు ఆయన ఒంటి మీదే మెడ నుంచి నడుము దాకా దబ్బనంతో పురికొస పెట్టి కుట్టెయ్యాలి, ఆట అయ్యాక కత్తిరించాలి. "నీకు పిచ్చి పట్టిందన్నా" అన్నాను. కుట్టాను. కుట్టకపోతే ఆయనే కుట్టుకుంటాడని నాకు తెలుసు.

ఆయన రాసింది వచన నాటకం. ఒక్క పద్యం లేదు. మా హార్మోనియం పెద్దాయన పెట్టె మూసేసి, "పద్యం లేనిదాన్ని నేను నాటకమనను" అని కూర్చున్నాడు. నేను మధ్యలో దూరి, "ఒక్కటంటే ఒక్కటి పెట్టన్నా, ఆయన్నూ కాదనొద్దు" అని బతిమాలాను. "పద్యం పెడితే వన్స్ మోర్ అంటారప్పా. సచ్చినోడు లేసి పాడాల్నా?" అన్నాడు. అది నిజమే. మా సీమలో పద్యం నచ్చితే జనం అడుగుతారు, అడిగితే పాడాలి. బాణాలు తగిలి పడిపోయిన వీరుడు కూడా లేచి దుమ్ము దులుపుకొని, పాడి, మళ్లీ పడిపోతాడు. అది ఎవరికీ తప్పుగా తోచదు. లేవకపోతేనే అడిగినవాణ్ణి అవమానించినట్టు. "నీకు వన్స్ మోర్ ఎవురంటారులేన్నా" అని ఎగతాళి చేశాను. భుజాలు కదిలించి నవ్వి, కెప్టెన్ ప్రాణం పోయే ముందు చెప్పేటట్టు ఒక పద్యం రాసుకొచ్చాడు. ఆ పద్యం పెట్టించింది నేనే. అది మర్చిపోయి రాస్తే నా తప్పు దాచుకున్నట్టవుతుంది.

ఆఖరి సీను ఇట్లా ఉంటుంది. గుడారంలో మేమిద్దరం ఒకే కంబళి కింద పడుకొని ఉంటాం. కెప్టెన్ పద్యం చెప్పి కన్ను మూస్తాడు. కంబళి కింద ఆయన చెయ్యి నా చేతిలో ఉంటుంది. జనం ఆ చావును మింగేదాకా ఆగి, ఆయన నా అరచేతిని రెండుసార్లు నొక్కుతాడు. అప్పుడు నేను లేచి, "రాయడానికి ఇక నేనొక్కడినే మిగిలాను" అంటాను. తెర పడుతుంది. ఎంతసేపు ఆగాలో నాకు తెలియదని అన్న నమ్మకం. ఆయన నొక్కకుండా నేను కదలకూడదు.

మొదటి ఆట పులివెందులలో, జనవరిలో. మొదటి పావుగంట జనం మంచిగానే చూశారు. తర్వాత ముందువరసలో ఒకాయన పక్కవాణ్ణి, "దేవుడు ఎప్పుడొస్తాడు?" అని అడిగాడు. మాకు వినపడింది. దేవుడు రాడని తెలిశాక సగం మంది లేచి పోయారు. మిగిలినవాళ్లు మాత్రం ఊపిరి బిగబట్టి చూశారు. వన్స్ మోర్ ఎవరూ అనలేదు. తెర పడ్డాక అన్న వెనక మెట్ల మీద కూర్చున్నాడు. నేను కోటు కుట్లు కత్తిరిస్తుంటే ఆయన ఎడమ చెయ్యి పట్టుకొని పిసుక్కుంటున్నాడు. ఊపిరి అందడం లేదు. మొహం బూడిద రంగులో ఉంది. "ఏందన్నా?" అంటే, "బరువు" అన్నాడు.

ప్రొద్దుటూరులో డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. గుండెకు పోయే నరం ఒకటి చాలావరకు మూసుకుపోయిందన్నాడు. స్టెంటు వెయ్యాలి, అంతవరకు మెట్లు కూడా మెల్లగా ఎక్కమన్నాడు. అన్న తల ఊపి, మందులు రాయించుకొని బయటికి వచ్చి, "మేలో జమ్మలమడుగులో పోటీలుండాయి. అవి అయిపోనీ" అన్నాడు. ఎంత తిట్టానో. రిహార్సలు ఎగ్గొట్టాను. వేషం వెయ్యనని చెప్పాను. "సరే, నువ్వు రాకుంటే గుడారంలో ఒక్కణ్ణే ఉంటా" అన్నాడు. కోపం లేదు, ఏమీ లేదు. ఆ మాటకు నేను మళ్లీ పోయాను.

పోటీలకు నాలుగు రోజుల ముందు వదిన షాపుకు వచ్చింది. మిషన్ల వాళ్లను టీకి పంపమంది.

"నేను సెప్పి సెప్పి ఓడిపోయినా. ఆయప్ప వినడు" అంది. "గండి గుడికి పోయి మొక్కుకొని వచ్చినా. నేను ఆడికి రాను, సూడలేను. గుడారంలో ఆయప్ప పక్కనుండేది నువ్వు అబ్బీ. ఏ రోంత తేడా వచ్చినా నాటకం మంటగలిసిపోనీ, నువ్వు లెయ్యి. మనిషిని నాకు తెచ్చియ్యి."

"తెస్తా వదినా."

"మాటియ్యి."

ఇచ్చాను.

జమ్మలమడుగులో పోటీలు ఒక కల్యాణమండపంలో. చీటీ తీస్తే మా ఆట మధ్యాహ్నం రెండు గంటలకు పడింది. పైన రేకుల కప్పు. స్టేజీ నిండా మేం జిన్నింగు మిల్లు నుంచి తెచ్చిన దూది పరిచాం, అది మా మంచు. ఫ్యాన్లు వేస్తే మంచంతా ఎగిరి జనం మీద పడుతుంది. అందుకని ఫ్యాన్లు ఆపించాం. మేకప్ గదిలో అన్నకు కోటు కుడుతుంటే నా చెమట ఆయన మీద పడుతోంది. "మాత్ర ఏసుకుంటివా?" అన్నాను. "ఏసుకుంటిలే." "వదినకు మాటిచ్చినా అన్నా. నాకు ఏ రోంత అనుమానం వచ్చినా లేచి తెర ఎయ్యిస్తా." అద్దంలోంచి నన్ను చూశాడు. "నేను నొక్కకుండా లెయ్యొద్దు" అన్నాడు. దబ్బనం ఆఖరి కుట్టు లాగి ముడి వేశాను.

ఆ రోజు ఆయన నడక చూడాలి. ఆ కోటు బరువుతో, దూదిలో కాళ్లు ఈడ్చుకుంటూ స్టేజీకి ఆ కొస నుంచి ఈ కొసకు వచ్చాడు. అంత ఎండలో, రేకుల కింద ఉడికిపోతున్న జనం విసనకర్రలు ఆపేశారు. ముందువరసలో ఒక స్త్రీ కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. నేను కళ్లారా చూశాను. నాకు గర్వంగా ఉంది, భయంగానూ ఉంది. ఆయన మొహం మీద చెమట ఎప్పుడు నిజం, ఎప్పుడు నటన అని వెతుకుతూ నా మాటలు రెండుసార్లు తప్పాను.

గుడారం సీను వచ్చింది. కంబళి కప్పుకున్నాం. ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఎప్పటిలాగే చల్లగా ఉంది. పద్యం మొదలుపెట్టాడు. ఆయన పాడలేదు, చెప్పాడు. హార్మోనియం పెద్దాయన కూడా ఒకే స్వరం పట్టుకొని వదిలేశాడు. ఆ బొంగురు గొంతుతో, మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ, ఒక మనిషి తన ఇంటిదానికి చెప్పుకునే ఆఖరి మాటల్లాగా చెప్పాడు. రెండో పాదంలో ఒకచోట ఆగాడు. రిహార్సలులో అక్కడ ఆగేవాడు కాదు. మళ్లీ అందుకొని పూర్తిచేసి కన్ను మూశాడు.

తర్వాత ముందువరసలోంచి ఒక గొంతు లేచింది. "వన్స్ మోర్."

ఆ మాట అన్నది ఎవరో తల తిప్పకుండానే తెలిసింది. పోటీలు పెట్టించిన పెద్దాయన. గండికోట వైపు ఊళ్లలో భూములున్న కుటుంబం, ఆయన మాటకు ఎదురు చెప్పేవాళ్లను నేను చూడలేదు. వెంటనే హాలంతా అందుకుంది. వన్స్ మోర్, వన్స్ మోర్ అని చప్పట్లు, ఈలలు. ఇరవై ఏళ్లు ఈటె పట్టుకొని ఇంకొకరి వన్స్ మోర్‌లకు నిలబడిన మనిషికి జీవితంలో ఇదే మొదటిది. లేస్తాడేమోనని భయపడ్డాను. మళ్లీ ఆ పద్యం చెబితే గుండె ఆగుతుంది. కంబళి కింద చెయ్యి గట్టిగా పట్టుకొని, పెదాలు కదలకుండా, "లెయ్యొద్దన్నా" అన్నాను. ఆయన కూడా పెదాలు కదలకుండానే అన్నాడు. "నేను సచ్చినా గదప్పా."

సంతోషం వేసింది నాకు. లేవడం లేదు. పెద్దాయన నిలబడ్డాడు. "ఏమప్పా, లెయ్యమను. అంత బాగా సెప్పినాక ఇంకోసారి సెప్పకుంటే ఎట్ల?" అన్నాడు. అన్న కదల్లేదు. పెద్దాయన అట్లే నిలబడి ఉన్నాడు. ఆయన నిలబడితే వెనక వరసలన్నీ నిలబడ్డాయి. ఈ రోజు మేం ఈ ఊరు దాటి ఎట్లా పోతాం అనుకున్నాను. కాసేపటికి అరుపులు సన్నగిల్లాయి. జనం ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఇక నొక్కాలి. ఇప్పుడు నొక్కాలి. నా అరచేతిలో ఆయన చెయ్యి ఉంది. నొక్కడం లేదు.

ఆగుతున్నాడా? ఈయన సంగతి నాకు తెలుసు, అయ్యేదాకా ఆగుతాడు. పెద్దాయన కూర్చునేదాకా ఆగుతున్నాడేమో. నేనిప్పుడు లేస్తే, ఆయన బాగానే ఉంటే, నలభై రిహార్సళ్ల నాటకం రెండు నిమిషాల ముందు నా చేతుల్లో నాశనమవుతుంది. లేవకపోతే వదినకు ఏమని చెప్పాలి? నేనే ఆయన చేతిని రెండుసార్లు నొక్కాను. జవాబు లేదు. మళ్లీ నొక్కాను. వేళ్ల మధ్య జిగటగా చెమట. కంబళి కొంచెం ఎత్తి మొహం చూశాను. చచ్చినవాడి వేషం అంత బాగా ఎవరూ వెయ్యలేరు.

లేచి నిలబడ్డాను. "తెర ఎయ్యండప్పా. అన్నకు బాగలేదు" అన్నాను.

ఎవరూ కదల్లేదు. జనం నా డైలాగు అనుకున్నారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. "తెర ఎయ్యండి, నాటకం కాదిది, మనిషి పోతాండాడు" అని అరిచాను. మొదట అర్థమైంది ముందువరసలోని పెద్దాయనకే. "ఇది నాటకం కాదురా" అంటూ చెప్పులు విడిచిపెట్టి, ఆ వయసులో స్టేజీ ఎగబాకి, దూదిలో మోకాళ్ల మీద కూర్చొని అన్న తలను చేతుల్లోకి తీసుకున్నాడు. "కారు తెప్పియ్" అన్నాడు ఎవరితోనో.

ప్రొద్దుటూరుకు ఆయన కార్లోనే పోయాం. అన్న తల నా ఒళ్లో ఉంది. ఎదురొమ్ము పైకీ కిందికీ కొట్టుకుంటోంది, కోటు బిగుసుకుపోయి ఊపిరి ఆడటం లేదు. కత్తెర మేకప్ గదిలో ఉండిపోయింది. పురికొస కుట్లు, నేను వేసినవి, రెండేసి ముళ్లు. వేళ్లతో లాగితే ఒక్కటీ రాలేదు. వంగి పళ్లతో కొరకడం మొదలుపెట్టాను. నోటినిండా గొర్రెబొచ్చు, పెదవి తెగి రక్తం. ముందు సీట్లోంచి పెద్దాయన వెనక్కి తిరిగి, "కొరుకప్పా, కొరుకు, దగ్గరకొచ్చినాం" అంటున్నాడు. ఇంత మంచి కుట్టు ఎందుకు నేర్చుకున్నానా అని ఆ రోజు నన్ను నేను తిట్టుకున్నాను.

అన్న బతికాడు. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే చేసేదేమీ ఉండేది కాదని డాక్టరు అన్నాడు. స్టెంటు వేశారు. వదిన ఆసుపత్రి వరండాలో నా రెండు చేతులూ పట్టుకొని చాలాసేపు వదల్లేదు. పూర్తికాని నాటకాన్ని పోటీలో లెక్కలోకి తీసుకోలేదు. మూడో రోజు అన్నను చూడటానికి లోపలికి పోతే గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోతున్నాడనుకొని తిరిగి వచ్చేశాను. మళ్లీ పోయాను. మళ్లీ గోడవైపే. అప్పుడు అర్థమైంది.

ఎనిమిది నెలలు నాతో మాట్లాడలేదు. డ్యూటీ మానేశాడు, సాయంత్రం నడకకు పోయేటప్పుడు మా షాపు ఎదురుగా వస్తే రోడ్డు దాటి అవతలి పక్కనుంచి పోయేవాడు. మొదట బాధపడ్డాను. తర్వాత మండిపోయింది. ప్రాణం పోసినవాణ్ణి పామును చూసినట్టు చూస్తాడా అని మా ఆవిడ దగ్గర నోటికొచ్చినట్టు తిట్టాను. అయినా సాయంత్రమైతే నా చూపు రోడ్డు అవతలికే పోయేది. మనిషి నిదానంగా పోతుంటే లోపలెక్కడో నెమ్మదించేది.

ఒకరోజు పొద్దున్నే వదిన ఫోన్ చేసింది. "రా అబ్బీ, పిలుస్తాండాడు" అంది.

పోయాను. వసారాలో మంచం మీద కూర్చొని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. కూర్చోమనలేదు, నేనే స్టూలు లాక్కొని కూర్చున్నాను. అన్నే మొదలుపెట్టాడు.

"నాటకం ఇంకెంత ఉండె?"

"రెండు నిమిషాలన్నా."

"రెండు గూడా లేదు. నీ మాట, తెర. అంతే." ఆగాడు. "నాకు తెల్సప్పా. పద్యం రెండో పాదంలోనే పట్టుకున్నింది. ఈడ." ఎదురొమ్ము మీద చెయ్యి పెట్టాడు. "పులివెందులలో వచ్చినట్ల కాదు. ఇది అదేనని తెల్సు."

"మరి సెప్పలేదేంది? లెయ్యొద్దన్నా అంటే సచ్చినా గదప్పా అంటివి. ఆ పొద్దే సెప్పింటే..."

"రెండు నిమిషాలే గదా అనుకున్నా. నొక్కుదామంటే చెయ్యి రాలేదు. రాకున్నా ఆగుతావనుకున్నా. అంతమంది లేసి నిలబడి అడిగిరి నన్ను. ద్వారపాలకుణ్ణి. ఆడ అట్లే అయిపోయింటే ఏం తక్కువైతాండె నాకు?" అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు, వానొచ్చేటట్టుంది అన్నట్టు.

ఎనిమిది నెలల కోపం ఒక్కసారిగా బయటికి వచ్చింది. "నీకేం తక్కువ కాదులే అన్నా. నువ్వు చప్పట్లలో పోతావు. నీ చెయ్యి పట్టుకొని పండుకున్నోణ్ణి నేను. పక్కన మనిషి సస్తాంటే నొక్కలేదని సూస్తా ఊరకుండిపోయినోడు అని నేను బతకాల్నా, సచ్చేదాకా? ఏ పొద్దన్నా అది తలుసుకుంటివా నువ్వు?" అన్నాను. స్టూలు మీద నుంచి లేచాను కూడా.

అన్న నన్ను చూశాడు. ఆ చూపు నేను ఎప్పుడూ చూడలేదు. డబ్బా మీద తట్టి వినేటప్పుడు కూడా అంత శ్రద్ధగా ఉండేవాడు కాదు.

"లేదప్పా" అన్నాడు. "ఆ సీన్లో నువ్వు గూడా ఉండావని మర్చిపోయినా."

వదిన ఎప్పుడు వచ్చిందో మేమిద్దరం గమనించలేదు. మజ్జిగ గ్లాసులు రెండు చేతుల్లో పట్టుకొని గడప దగ్గర నిలబడి ఉంది. వాటిని తెచ్చి మంచం పక్కన నేల మీద పెట్టింది.

"నేనొకదాన్ని ఉండా గదా ఇంట్లో" అంది. అనేసి లోపలికి పోయింది.

అన్న తల ఎత్తలేదు. నేను కూడా ఎత్తలేదు.